బెగ్ లేని దరఖాస్తు

పోయిన నెల ఒక పెద్దమనిషి మా కాలేజీ స్టాఫ్ రూముకి వచ్చి, చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. సమాధి రాయి మీద చెక్కించడానికి రాసిన మాటలవి. ఇంగ్లీషులో కూడా ఉంటే బాగుంటుందని, నేను ఇంగ్లీషు చెబుతానని తెలిసి, దివిసీమ నుంచి గుడివాడ దాకా బస్సులు మారి వచ్చాడట. కాగితం మీద ఇలా ఉంది: ఫలానా వారి జ్యేష్ఠ కుమార్తె, ఫలానా వారి ప్రియ సోదరి, దేవుని దీన సేవకురాలు, నెమ్మదిగల జీవితము గడిపి ప్రభువునందు నిద్రించినది.

ఆవిడ పోయిందని నాకు చెప్పింది ఆ కాగితమే. అటువంటప్పుడు నవ్వకూడదని తెలుసు. కానీ నెమ్మది దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగలేదు. ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"అక్కయ్యగారు పోయినందుకు కాదండీ," అన్నాను. "నెమ్మది అని రాశారే, అందుకు."

"ఆడమనిషి రాయి మీద ఇంకేం రాస్తామమ్మా?" అన్నాడు.

ఏం రాయాలో ఆయనకు చెప్పాను. అది మీకూ చెబుతాను కానీ, ముందు ఆ ఆడమనిషి ఎవరో తెలియాలి. పేరు మాత్రం రాయను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

నేను బి.ఏ. అయిపోయి, బందరులో మా బాబాయి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుంటున్న రోజులవి. సంబంధం కుదిరేదాకా పిల్లను ఏదో ఒకటి చెయ్యనివ్వమని బాబాయి మా నాన్నను ఒప్పించాడు. సంబంధం కుదరకపోవడానికి నా నోరే కారణమని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. అది నిజమే కావచ్చు, కానీ వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా అటువంటివే.

ఇన్‌స్టిట్యూట్‌లో నా పని ఉద్యోగాల దరఖాస్తులు టైపు చెయ్యడం. చేసేది ఎప్పుడూ ఒకటే దరఖాస్తు, పేర్లు మాత్రం మారేవి. 'ఐ బెగ్ టు స్టేట్' అంటూ మొదలై, 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అంటూ ముగిసేది. నడుమ తండ్రి పేరు, వంశ గౌరవం, చితికిపోయిన సంసారం, చదువుకుంటున్న తమ్ముళ్లు. చదివినవాడికి ఉద్యోగం ఇవ్వబుద్ధి కాదు, చందా ఇవ్వబుద్ధి అవుతుంది.

ఆ గదిలోకి ఒక పొద్దున ఆవిడ వచ్చింది. పొడుగు మనిషి. తెల్లచీర గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉంది, కూర్చుంటే ఎక్కడ విరుగుతుందో అన్నట్టు. చంకలో గొడుగు, పిడి ముందుకి. చేతి గడియారం అందరిలా మణికట్టు మీద కాకుండా లోపలివైపు పెట్టుకునేది. టైము చూడాలంటే అరచెయ్యి పైకి తిప్పేది, ఎదుటివాళ్లకు ఏదో ఇవ్వబోతున్నట్టు. చూసి మళ్లీ తిప్పేసేది, ఇవ్వదలుచుకోలేదన్నట్టు.

"ఇక్కడ టైపు ఎవరు చేస్తారు?"

"నేనేనండీ."

"తప్పులు చేస్తావా?"

"చెయ్యనండీ."

"అందరూ చేస్తారు. చేస్తే దిద్దుతావా, దాస్తావా?"

నా చదువంతటిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. దిద్దుతానన్నాను. అప్పుడు కూర్చుంది. చీర విరగలేదు.

దివిసీమలో ఒక చిన్న ఊరి క్రైస్తవ కుటుంబం వాళ్లది. మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అయ్యి, పెద్ద యుద్ధం జరుగుతుండగా మిలిటరీలో చేరింది. యుద్ధమైపోయాక కూడా ఉండిపోయి, పదకొండేళ్లు మిలిటరీ ఆసుపత్రుల్లో చేసి, గడువు తీరి వచ్చింది. లెఫ్టినెంటుగా చేరి కెప్టెనుగా బయటికొచ్చింది. మా బందరులో కెప్టెన్ అంటే ఓడ మీద ఉండేవాడు. డిశ్చార్జి కాగితం చూసి మా బాబాయి, "ఏ ఓడండీ మీది?" అని అడిగాడు.

"మునగని ఓడ," అంది ఆవిడ.

ఆవిడ దరఖాస్తు పెట్టదలుచుకున్నది గుడివాడలో ఒక ధర్మాసుపత్రికి. నర్సుల మీద పెద్దగా ఉండడానికి మేట్రను కావాలని వాళ్లు కబురు పెట్టించారు. జీతంతోపాటు ఆసుపత్రి వెనక ఒక గది ఇస్తారు. ఆవిడ జీతం గురించి ఒక్క మాట మాట్లాడలేదు, గది గురించే మాట్లాడింది. ఈలోగా ఊళ్లో ఉన్న తమ్ముడు ఆవిడ కోసం వసారాలో మంచం వేయించి ఉంచాడు. అక్కయ్య వస్తే వంటకి ఆసరా, పిల్లలకి కాపలా, ఊళ్లో ఎవరికి సుస్తీ చేసినా ఊరికే ఓ సూది.

"పదకొండేళ్లు బారకాసుల్లో, టెంట్లలో పడుకున్నాను," అంది. "టెంటుకి గడియ ఉండదు. తమ్ముడింటి వసారాకీ ఉండదు. నాకు కావలసింది ఒక తలుపు, దానికి లోపలివైపు గడియ, బయటివైపు తాళం. తాళంచెవి నా దగ్గర ఉండాలి. ఈ కాగితం ఆ తలుపు కోసం. జాగ్రత్తగా కొట్టు."

నేను జాగ్రత్తగానే 'ఐ బెగ్' దాకా కొట్టాను. ఆవిడ వేలు వచ్చి కాగితం మీద పడింది.

"ఇదేమిటి?"

"మామూలేనండీ. అందరూ అలాగే రాస్తారు."

"నేను ఏం అడుక్కుంటున్నాను?"

"ఉద్యోగం."

"వాళ్లు జీతమిస్తారు, నేను పని చేస్తాను. ఇందులో అడుక్కోవడం ఎక్కడుంది?"

వాదనలో నేను వెనక్కి తగ్గేదాన్ని కాదు. అది ఒట్టి మర్యాద మాటని, దాని అర్థం అరిగిపోయి చాలాకాలమైందని, మనం మాటమాటకీ 'అండీ' అనడం లాంటిదేనని చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, "అండీ ఇద్దరూ అనుకుంటాం. ఈ బెగ్ వాళ్లు నాకు తిరిగి రాస్తారా?" అని అడిగింది.

జవాబు తోచనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. పెంచాను. ఆవిడ కాగితం మిషన్లోంచి లాగి, నాలుగు మడతలు పెట్టి, చెత్తబుట్టలో వేసి, "కొత్తది ఎక్కించు," అంది. పారేసే కాగితానికి మడతలేమిటని అడిగితే, పారేసేది కూడా నలగకూడదంది.

అయితే ఆవిడ రాసుకొచ్చిన రెండు పేజీలు చూశాక నా వంతు వచ్చింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అన్నీ యూనిట్ల పేర్లు, హోదాలు, పొడి అక్షరాలు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా చోట డి.ఐ. లిస్టు నిర్వహణ.

"డి.ఐ. లిస్టంటే ఏమిటండీ?"

"డేంజరస్లీ ఇల్. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల పట్టిక."

"ఇది చదివేది ఆసుపత్రి ప్రెసిడెంటు, బియ్యం మిల్లు యజమాని. ఆయనకు డి.ఐ. తెలియదు, ధాన్యం తెలుసు. ప్రాణాల మీదికి వచ్చినవాళ్లను చూసుకున్నానని రాయండి."

"అలా ప్రతి నర్సూ రాస్తుంది."

"ఎంత పెద్ద వార్డు? మీ చేతి కింద ఎవరు? డాక్టరు లేనప్పుడు ఏం చేసేవారు? మందుల గది తాళం ఎవరి దగ్గర?"

ఆవిడ లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. కూర్చుని ఆ విషయాలు చెప్పడం ఆవిడ వల్ల కాదని నాకు అప్పుడే అర్థమైంది. కాళ్లూ చేతులూ పోయిన కుర్రాళ్లతో నిండిన వార్డు రాత్రింబవళ్లు నడిపింది. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్ మోసేవాళ్లు ఆవిడ చూపుతో కదిలేవారు. రైలు మార్గం తెగిపోయి మందులు రాకపోతే, ఉన్నవాటిని ఎవరికి ముందివ్వాలో, ఎవరికి ఆపాలో ఆవిడే తేల్చింది. ఇదంతా ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

"ఇవెందుకు రాయలేదండీ?"

"అది పని. రాసేదేముంది?"

మిలిటరీ నుంచి తిరిగి వచ్చినవాళ్లందరిదీ ఇదే తెగులని తర్వాత తర్వాత చూశాను. భుజం మీద కుట్టిన గుర్తులన్నీ రాస్తారు, చేతులతో చేసింది రాయరు. వాళ్లకది చెప్పుకునేది కాదు, ఊపిరి పీల్చడం లాంటిది. ఉద్యోగం ఇచ్చేవాడికి కావలసింది అదొక్కటే. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ రెండు పేజీలూ చించి, "సరే, నీ భాషలోనే చెప్పు. కానీ అబద్ధం ఒక్కటి దొర్లకూడదు," అంది. ఒక్క పేజీలోకి తెచ్చాను. ఆ యుద్ధం నేను గెలిచాను. రాతపూర్వకంగా ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు.

అప్పుడు మా బాబాయి మధ్యలోకి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊరి సంగతి తెలిసినవాడు.

"అమ్మా, నా మాట వినండి. ఆ మిలిటరీ సంవత్సరాలు తీసేయండి. ఆడవాళ్లు మిలిటరీలో ఉన్నారంటే మనవైపు ఏమనుకుంటారో మీకు తెలియంది కాదు. ట్రైనింగయ్యాక ఇంటిపట్టునే ఉన్నారని రాద్దాం."

"పదకొండేళ్లు ఇంటిపట్టున ఏం చేస్తూ ఉన్నానండీ?"

"ఏదో… ఉన్నారు."

"చచ్చిపోయి ఉన్నానా?"

బాబాయి కాఫీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

గుడివాడ నుంచి పిలుపు వచ్చేదాకా ఆవిడ బందరులోనే ఒక చుట్టాల ఇంట్లో ఉంది. ఊరికి కాలక్షేపమైంది. కోనేరు సెంటరులో రోడ్డుకి నట్టనడుమ నడిచేది. రిక్షా బెల్లు కొడితే తిరిగి చూసేది కాదు, రిక్షాయే తప్పుకునేది. ఒకసారి నన్ను హోటలుకి తీసుకెళ్లి బయటి బల్ల దగ్గర కూర్చుంది. హోటలాయన చేతులు నలుపుకుంటూ వచ్చి, "ఆడవాళ్లకి లోపల గది ఉందండీ," అన్నాడు.

"లోపల గాలి ఆడుతుందా?"

"అంతగా ఆడదండీ."

"అయితే గాలి అక్కర్లేనివాళ్లను పంపించండి," అని రెండు టీలు చెప్పింది. టీ గ్లాసు కంటి ఎత్తున పట్టుకుని వెలుతురులో చూసి, అంచు తుడిచి, అప్పుడు తాగేది. ఆ హోటలాయన మర్నాటి నుంచి గ్లాసులు వేణ్ణీళ్లతో కడిగించాడు. ఆవిడకి మిలిటరీ సిస్టరు అని పేరొచ్చింది. వెనకాల వేరే పేర్లు కూడా ఉండేవి. అవి నేను విన్నాను, ఆవిడా విన్నది. నేను కొట్లాటకు పోయాను, ఆవిడ పోలేదు.

"కుక్క అరిస్తే దాని గొంతు బాగున్నట్టు లెక్క," అనేది. "నాకు వాళ్ల గొంతులతో పని లేదు."

గుడివాడకి నేను కూడా వెళ్లాను. తోడు అక్కర్లేదంది. నా దరఖాస్తు ఎలా పనిచేస్తుందో నేను చూసుకోవాలన్నాను. అది ఆవిడ దరఖాస్తే కాదు, నాది కూడా.

ఆసుపత్రి కమిటీవాళ్లు ముగ్గురు. ముగ్గురిలో మాట్లాడింది ఇద్దరు: ప్రెసిడెంటైన మిల్లు యజమాని, సెక్రటరీ అయిన ప్లీడరు. మూడో ఆయన తలాడించడానికి వచ్చాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది.

"కాగితం బాగుందండీ," అన్నాడు మిల్లు యజమాని. "ఒక్కటే అర్థం కాలేదు. కెప్టెన్ అంటే?"

"నేను చెప్పింది నా కిందివాళ్లు చెయ్యాలనండీ."

"మగవాళ్లు కూడానా?"

"అక్కడ పడుకున్నవాళ్లందరూ మగవాళ్లేనండీ. చెప్పినట్టు చేసినవాళ్లు లేచి నడిచి వెళ్లారు."

ఆయన నవ్వాడు. ఆయనకు నచ్చిందని నవ్వులోనే తెలిసింది. ప్లీడరుగారు దగ్గి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరోలా అనుకోకండి. మిలిటరీలో ఆడవాళ్ల సంగతి నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. మాది ధర్మ సంస్థ. ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా సంతకం పెట్టిన సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఉంటే మంచిది."

"డిశ్చార్జి కాగితంలో ఉంది కదండీ. ప్రవర్తన ఆదర్శప్రాయం అని."

"అది మిలిటరీవాళ్లు ఇచ్చింది. మాకు మీ ఊరి మనిషిది కావాలి."

"మా ఊరి మనిషి నన్ను చూసింది పరికిణీ కట్టుకున్నప్పుడండీ. ఇప్పుడు ఆయన దేనికి సంతకం పెడతాడు, పరికిణీకా?"

వరండాలో నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత ప్లీడరుగారు చాలా మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పోనీ ఒక పని చెయ్యండి. ఆ పదకొండేళ్ల ముక్క తీసేసి, ఇంటిపట్టున ఉన్నట్టు మరో కాగితం రాసుకురండి. ఆ పనంతా మీకు వచ్చని మాకు తెలిసింది కదా, అది మాలో మాట. రికార్డులో మాత్రం ఉండదు. రేపే చేరొచ్చు. గది తాళం ఇక్కడే ఉంది."

బల్ల మీద తాళంచెవి పెట్టిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడకి కావలసింది ఆ మనిషికి ఎలా తెలిసిందో తెలియదు. ఖాళీ గది చూపించమని ముందు అడిగి ఉంటుంది.

"ఇంటిపట్టున ఉన్నదానికి వార్డు అప్పజెబుతారాండీ?" అంది ఆవిడ.

"మాకు తెలుసు కదండీ."

"మీకు తెలిస్తే కాగితానికి కూడా తెలియాలి." కుర్చీ జరిగిన చప్పుడు. "నా దరఖాస్తు నాకు ఇప్పించండి."

అది ఆఫీసు కాగితమని, తిరిగి ఇవ్వడం పద్ధతి కాదని ప్లీడరుగారు అన్నాడు. మిల్లు యజమాని మాట్లాడకుండా తీసి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని మడతపెట్టి బయటికొచ్చింది. గడియారం చూసుకుంది. అరచెయ్యి తెరిచి, మూసింది.

ఆ రోజు మేం రైలు అందుకోలేక బస్సెక్కాం. పామర్రులో దిగి బందరు బస్సు కోసం నిలబడాలి. దారి పొడుగునా బిగపట్టుకున్నది పామర్రు సెంటర్లో నా నోట్లోంచి బయటికొచ్చింది. ఎండ, దుమ్ము, బస్సుల హారన్లు, వాటిని మించి నేను.

"రెండు ముక్కలు కొట్టేస్తే పోయేది కదండీ. నేనే టైపు చేసేదాన్ని. గది, తలుపు, గడియ, మీకు కావలసిందంతా బల్ల మీద పెట్టాడు ఆయన. మీ పౌరుషానికి వసారా మంచం మీద పడుకుంటారా?"

"ఆ గదిలో ఎవరుంటారో ఆలోచించావా?" అంది.

"మీరే."

"కాదు. ఇంటిపట్టున ఉన్నావిడ ఉంటుంది. తాళంచెవి ఆవిడది. నేను ఎక్కడుండాలి మరి?"

నేను ఇంకా వాదించాను. బతకడానికి చిన్న అబద్ధం తప్పు కాదన్నాను. ఇప్పటికీ చాలామంది విషయంలో ఆ మాటే అంటాను. ఆవిడ విషయంలో అనను. ఆవిడ నా మాటలు వింటూ ఎటో చూస్తోంది. చూపు వెంట చూస్తే రోడ్డు పక్కన మూసి ఉన్న కొట్టు గది, దానికి తుప్పు పట్టిన తాళం. పక్కనే సోడా బండి.

"ఆ తాళం ఎవరు వేశారు?" అని సోడా అతన్ని అడిగింది.

"గోనెసంచుల కొట్టండీ అది. ఖాళీ అయింది. అద్దెకిస్తారంటండీ."

"వెనక గది ఉందా?"

"చిన్నది ఉందండీ."

"దాని తలుపుకి లోపలివైపు గడియ ఉందా?"

అతను సోడా కొట్టబోతూ ఆగి ఆవిడను ఎగాదిగా చూశాడు. గది అద్దెకు అడిగేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న కాదది. లేదని చెప్పాడు.

"పెట్టించుకుంటాను," అంది.

మర్నాడు ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, మడతపెట్టిన దరఖాస్తు నా ముందు పరిచి, "దీన్ని తెలుగులో చెయ్యి. పెద్ద అక్షరాల్లో. బోర్డు రాయిస్తున్నాను," అంది.

ఆ బోర్డు కోసం పడ్డ పోట్లాట ముందు దరఖాస్తు పోట్లాట ఏపాటి. కట్లు, ఇంజెక్షన్లు అని చెప్పింది. పురుళ్లు కూడా చేర్చమన్నాను.

"నా సర్వీసులో ఒక్క కాన్పు లేదు. సిపాయిలు కనరు."

"పామర్రులో జనం కంటారు. మిషన్ ఆసుపత్రి ట్రైనింగులో చేశారా లేదా?"

"చేశాను."

"అయితే అది అబద్ధం కాదు."

కాదని ఒప్పుకుంది. బోర్డు రాసే అతను, చివర 'ఇట్లు, తమ విధేయురాలు' అని రాయడం రివాజండీ, చోటు కూడా మిగిలింది అన్నాడు. మిగిలిన చోట్లో ఏం రాయాలో ఆవిడే చెప్పింది. పామర్రు మీదుగా పోయే ప్రతి బస్సూ ఆగే చోట, బెజవాడ కోర్టుకు వెళ్లే ప్లీడరైనా సరే తలెత్తితే కనబడేట్టు ఆ బోర్డు లేచింది: 'కెప్టెన్' అని, పేరు. మిలిటరీ ఆసుపత్రులలో పదకొండేళ్లు పనిచేసిన నర్సు. కట్లు, ఇంజెక్షన్లు, పురుళ్లు. డాక్టరు చూడవలసినవారిని డాక్టరు దగ్గరకే పంపుతాను. తలుపు తట్టండి.

తట్టారు. మొదట్లో బోర్డు చదివి నవ్విన బస్సు కండక్టర్లే మొదట తట్టారు, వేళ్లు నలిగి. కొన్నాళ్లకి ఆ మిల్లు యజమాని వీపు మీద పెద్ద పుండుతో వచ్చాడని, ఆవిడ ఆయన్ని వరసలో కూర్చోబెట్టి, ఊరి పెద్దమనిషి సంతకం తెచ్చారా అని అడిగిందని పామర్రంతా చెప్పుకునేవారు. నిజమేనా అని అడిగితే ఆవిడకి కోపం వచ్చింది.

"అలా ఎందుకు అడుగుతాను? పుండుకి ప్రవర్తన ఏమిటి? కడిగి కట్టాను." గడియారం చూసుకుని, "వరసలో కూర్చోబెట్టిన మాట నిజమే," అంది.

నాకు గుడివాడలో ఉద్యోగం దొరికాక కొన్నేళ్లపాటు ఆదివారాలు పామర్రు వెళ్లేదాన్ని. నా దరఖాస్తు నేనే రాసుకున్నాను, ఎలా రాశానో చెప్పక్కర్లేదు. ఆవిడ వెనక గదిలో మంచం, పెట్టె, కుర్చీ. దుప్పటి మూలలు కవరు మడతలా ఉండేవి. తాళంచెవి తాడుకి కట్టి మెడలో వేసుకునేది. గొలుసు వేసుకోవచ్చు కదా అంటే ఇదే గొలుసనేది.

ఆ రోజుల్లోనే మిలిటరీ నుంచి వచ్చేసిన మగవాళ్లు ఆవిడను వెతుక్కుంటూ రావడం మొదలైంది. బోర్డు మీద కెప్టెన్ అని చూసి దిగేవారు. బంటుమిల్లి వైపు నుంచి వచ్చిన ఒకతను బాగా గుర్తు. బస్సుల కంపెనీలో ఉద్యోగం ఉందని విన్నాడట, ఏమని రాయాలో తెలియదు.

"ఏం పని వచ్చు?"

"ఏం రాదండీ. మిలిటరీలో ఉన్నానండీ."

"చేతులు చూపించు."

అందరినీ ముందు అదే అడిగేది. కాగితాలు తర్వాత. అతను చేతులు చాపాడు. గోళ్ల సందుల్లో ఎంత తోమినా పోని నలుపు.

"లారీలా?"

"రిపేరండీ. కొండదారిలో బండి ఆగిపోతే వెళ్లి నడిపించాలండీ."

"సామాను?"

"అక్కడెక్కడ దొరుకుతుందండీ. ఉన్నదాంతోనే."

"ఒక్కడివేనా?"

"కింద కొంతమంది ఉండేవారండీ."

"మరి ఏం రాదన్నావేం?"

"అది డ్యూటీ కదండీ."

ఆవిడ నా వైపు తిరిగింది. "రాయి. సామాను దొరకని చోట లారీలు బాగుచేశాడు, పదిమందితో పని చేయించాడు. హోదా కింద రాయి, పైన కాదు. చదివేవాడు బస్సులవాడు. వాడికి తెలిసిన మాట ముందు చెప్పాలి."

"అది నా మాటండీ," అన్నాను.

"నీ మాటే. వాడుకలో పెట్టాను, సంతోషించు."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మొదట 'ఐ బెగ్' అని రాయాలంటండీ, మా మేష్టారు చెప్పారు," అన్నాడు.

వద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆవిడ నన్ను చూసింది. నేను కాగితం మీదికి వంగాను. ఆ తర్వాత ఆవిడ ఆ విషయం ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆవిడ గెలుపు పద్ధతుల్లో ఒకటి.

ఇదండీ ఆ నెమ్మదిగల జీవితం. స్టాఫ్ రూములో ఆ తమ్ముడుగారి ఎదురుగా కూర్చుని ఇంత కథా చెప్పలేదు. ఒకటే అడిగాను.

"పామర్రులో బోర్డు ఏమైందండీ?"

"గది ఖాళీ చేసేశాం కదమ్మా. ఇంటికి తెచ్చి గొడ్లసావిట్లో ఈదురుగాలి కొట్టకుండా అడ్డం పెట్టాం. మంచి టేకు."

"అక్షరాలు ఎటువైపు?"

"గొడ్లవైపమ్మా," అన్నాడు.

"దాని మీద ఉన్న మాటలే రాయి మీద చెక్కించండి."

"కట్లు, ఇంజెక్షన్లు కూడానా?"

"అవి అక్కర్లేదు. కెప్టెన్ అని, మిలిటరీ ఆసుపత్రుల్లో పదకొండేళ్లని."

"నవ్వుతారమ్మా. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది. మేనత్త మిలిటరీ అంటే…"

"మీ అమ్మాయి ఏం చేస్తోంది?"

"నర్సింగు చదువుతోందండీ." గొంతు తగ్గించాడు. "అక్కయ్యే చదివించింది."

"ఆ మాట మీ కాగితంలో లేదేం?"

నేను ఆయన కాగితం దగ్గరకు లాక్కుని, ఎర్రసిరాతో నెమ్మది కొట్టేశాను. దీన కూడా కొట్టేశాను. అక్కడ మాత్రం ఆయన అడ్డుపడ్డాడు.

"దేవుడి దగ్గర దీనత్వం ఉండాలమ్మా."

"ఆ సంగతి ఆవిడ ఆయనతో స్వయంగా మాట్లాడుకుంటుంది లెండి. మధ్యలో మనమెందుకు?"

పైన కెప్టెన్, పదకొండేళ్లు చేర్చి, ప్రభువునందు నిద్రించినది అన్నది ఉంచాను. నిద్రకు ఆవిడ అర్హురాలే. ఆఫీసు గుమాస్తాను లేపి, మిషన్ ముందు నేనే కూర్చుని ఇంగ్లీషులో శుభ్రంగా టైపు చేశాను. ఒక తప్పు పడింది, దాచకుండా దిద్దాను. కాగితాలు రెండూ ఆయన చేతికిస్తే, చెక్కిస్తానని అనలేదు, చెక్కించనని అనలేదు. సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అన్నాడు.

"నిజంగా నవ్వుతారమ్మా."

"నవ్వాలంటే ముందు చదవాలి కదండీ," అన్నాను.

పోయిన ఆదివారం వెళ్లి చూసి వచ్చాను. పులిగడ్డ దాటి, మోపిదేవి దాటి, ఇంకా లోపలికి. సమాధులు చేలగట్టు పక్కన ఉన్నాయి. రాయి నిలబెట్టి ఎన్నో రోజులు కాలేదు, చుట్టూ మట్టి ఇంకా కొత్తగా ఉంది. ఆయన చెక్కించాడు. పైన ఉండవలసిన తండ్రి పేరు, తమ్ముడి పేరు కిందకు వెళ్లాయి, కెప్టెన్ పైకి వచ్చింది. చెక్కినవాడికి ఆ మాట కొత్తేమో, మిగతావాటికంటే లోతుగా దిగింది.

ఇంతసేపూ ఆవిడ పేరు రాయలేదని విసుక్కోకండి. పేరు రాయి మీద ఉంది, పదకొండేళ్లతో సహా. బస్సెక్కి వెళ్లి చదువుకోండి. నవ్వదలుచుకున్నవాళ్లు కూడా.